పోపులపెట్టె

తెలుగువారి వంటయింటిలో పోపులపెట్టె లేని యిల్లు అరుదు. ఇత్తడిదో ఉక్కుదో ఒక గుండ్రని పెట్టె, దానిలో ఏడెనిమిది చిన్న గిన్నెలు, ఒకదానిలో ఆవాలు, వేరొకదానిలో జీలకర్ర, మిగిలినవానిలో మెంతులు, మినపపప్పు, సెనగపప్పు, ఎండుమిరపకాయలు, పసుపు, నడుమ ఒక చిన్న చెంచా. ఇంగువ డబ్బా వేరుగా నుండును. దాని వాసన తక్కినవానికి అంటకుండుటకై ఇల్లాలు దానిని దూరముగా నుంచును. ఒక ప్రాంతమున పోపు అందురు, మరియొకచోట తాలింపు అందురు, వేరొకచోట తిరగమోత అందురు. పేరేదైనను పని యొక్కటే.

ఈ పెట్టెను గూర్చి రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. ఇందులోని ప్రతి గింజయు ఒక దివ్యౌషధమనియు, పూర్వులు వంటయింటినే వైద్యశాలగా నిర్మించిరనియు, పసుపు తినువానికి రోగమే రాదనియు కొందరందురు. ఇదంతయు నాలుకకిచ్చు లంచమే తప్ప దీనివలన దేహమునకు ఒరుగునదేమియు లేదని మరికొందరు కొట్టివేయుదురు. మొదటివారికి భక్తి అధికము. రెండవవారికి తొందర అధికము. ఇరువురును వేయని ప్రశ్న యొకటున్నది. అది "ఎంత?" అను ప్రశ్న. పదార్థములో గుణముండుట వేరు. ఆ గుణము పనిచేయునంత పరిమాణము విస్తరిలోనికి వచ్చుట వేరు. ఈ భేదమును గుర్తించినచో పోపులపెట్టెకు రావలసిన గౌరవము దానికి వచ్చును, రాకూడని గౌరవము తొలగిపోవును.

ముందుగా పోపు వేయుటనే పరిశీలింపవలెను. అది చూచుటకు అరనిమిషపు పని. అందులో రసాయనశాస్త్రము చాల ఇమిడియున్నది. సుగంధద్రవ్యములకు రుచిని, వాసనను ఇచ్చు పదార్థములలో పెక్కు నీటిలో కరగవు, నూనెలో కరగును. పసుపును చన్నీటిలో కలిపి కొంతసేపు కదల్పక యుంచినచో అడుగున పేరుకొనును. వేడినూనెలో వేసినచో నూనె అంతయు బంగారువన్నె అగును. కావుననే వంటవారు ద్రవ్యములను నేరుగా నీటిలో వేయక ముందు నూనెకు అప్పగింతురు. ఆ నూనె వాని సారమును గిన్నె అంతటికిని పంచిపెట్టును. వేయు క్రమమునకును కారణము గలదు. పప్పులు వేగుటకు సమయము పట్టును గనుక ముందు పడును. ఇంగువ, కరివేపాకు క్షణములో మాడును గనుక చివర పడును. మెంతులు ఒక్క క్షణము ఎక్కువ వేగినచో కూర అంతయు చేదగును. ఈ క్రమమును ఏ పుస్తకమును చూడకయే కూతురు తల్లివద్ద నేర్చుకొనుచున్నది.

ఆవగింజ సంగతి మరింత వింతయైనది. నూనెలో చిటపటలాడిన ఆవాలను నమిలినచో ఘాటు ఉండదు. అవే ఆవాలను పచ్చిగా నీటితో నూరినచో ముక్కుపుటములు అదరును, కన్నులలో నీరు తిరుగును. నిజమునకు గింజలో ఘాటు సిద్ధముగా లేదు. సినిగ్రిన్ అను పదార్థము ఒక అరలోను, దానిని విడగొట్టు ఎంజైము వేరొక అరలోను ఉండును. గింజ నలిగి తడి తగిలినప్పుడు ఈ రెండును కలిసికొనగా ఘాటైన తైలము పుట్టును. కాగిన నూనెలో పడినచో ఎంజైము నశించును. ఇక ఘాటు పుట్టుటకు వీలులేదు. పనసపొట్టు కూరకు, అరటికాయ కూరకు ఆవ పెట్టు ఇల్లాలు గిన్నెను పొయ్యిమీదినుండి దించిన తరువాతనే ఆవముద్ద కలుపును. ఎంజైము అను మాటను ఆమె వినియుండకపోవచ్చును; దాని నడవడిని ఆమె ఎరుగును. ఈ ఘాటైన తైలమునకు సూక్ష్మజీవులను అణచు శక్తి గలదు. ఆవకాయ ఏడాదిపాటు నిలుచుటకు అదియు కొంత తోడ్పడును. ఐనను అచట ముఖ్యమైన కావలివారు ఉప్పు, మామిడిముక్కలోని పులుపు, పైన తేలు నూనె. ఘనతనంతయు ఆవపిండికే అంటగట్టి, "ఆవకాయ ఆరోగ్యకరము గనుక ఎంత తిన్నను మంచిదే" అనుట ఉప్పును మరచి చెప్పు మాట.

పసుపు విషయమున అతిశయోక్తులు మరింత పెరిగినవి. దానికి కారణము లేకపోలేదు. తెలుగునాట నిజామాబాదు, దుగ్గిరాల, కడప పసుపు వ్యాపారమునకు పేరుపొందిన చోట్లు. 2025 జనవరి 14వ తేదీన జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులోనే ప్రారంభమైనది. గడపకు పసుపు, పెండ్లికి పసుపు, దెబ్బ తగిలినచో పసుపు. అంతటి చనువున్న వస్తువును గూర్చి ఎవరేమి చెప్పినను నమ్మబుద్ధి యగును. ఇచట లెక్క అవసరము. పసుపునకు వన్నెనిచ్చు కర్క్యుమిన్ అను పదార్థమును గూర్చియే శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశోధించిరి. పసుపుపొడిలో అది సుమారు 3 శాతము మాత్రమే. పప్పులో వేయు అరచెంచా పసుపు ఒకటిన్నర గ్రామనుకొన్నచో అందులో కర్క్యుమిన్ 45 మిల్లీగ్రాములు. ఆ పప్పును నలుగురు పంచుకొన్నచో ఒక్కొక్కరికి వచ్చునది 11 మిల్లీగ్రాములు.

అదియైనను రక్తములోనికి సులభముగా చేరదు. 1998లో బెంగుళూరు పరిశోధకులు కొందరు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూడగా రక్తములో దాని జాడ కనబడుటయే కష్టమైనది. దానితోపాటు మిరియాలలోని పైపరిన్ అను పదార్థమును 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు ఇరువది రెట్లు ఎక్కువగా చేరినది. ఈ ఫలితమును విన్నవారు "పెద్దలు మిరియమును పసుపును కలిపి పాలలో మరిగించుట ఇందుకే గదా" అని ఉప్పొంగుదురు. మంచిదే. కాని ఆ ప్రయోగములో వాడిన 2 గ్రాముల కర్క్యుమిన్ పసుపు రూపమున కావలెనన్నచో 65 గ్రాములకు మించి పసుపు తినవలెను. అంత పసుపు ఏ పాలగ్లాసులో పట్టును? రాత్రివేళ వెచ్చని పసుపుపాలు గొంతునకు హాయి నిచ్చును, నిద్రకు ముందు మనస్సును కుదుటపరచును. ఆ మేలు చాలదా?

పసుపును గూర్చి భారతదేశము గెలిచిన వ్యాజ్యమొకటి కలదు. 1995లో అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, పసుపుతో గాయములను మాన్పు విధానముపై పేటెంటు హక్కు లభించినది. భారతీయ శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని ప్రతిఘటించి, ఇది భారతీయులకు అనాదిగా తెలిసిన సంగతియే యని ప్రాచీన గ్రంథములను, పూర్వ పరిశోధన పత్రములను సాక్ష్యముగా చూపినది. 1997లో ఆ హక్కు రద్దయ్యెను. ఇది గర్వింపదగిన విజయమే. అయితే ఆ తీర్పు చెప్పినదేమి? ఆ వాడుక క్రొత్తది కాదని మాత్రమే. పసుపు ప్రతి గాయమును మాన్పునా, మాన్పదా అను ప్రశ్న అచట విచారణకే రాలేదు. ఒక సంగతి పాతదని రుజువగుట ఒకటి, అది సత్యమని రుజువగుట మరొకటి. రెండింటిని కలిపి మాట్లాడువారు దేశాభిమానము పేర తర్కమును బలిపెట్టుచున్నారు.

మెంతుల కథ దీనికి భిన్నమైనది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో వానిని మనుష్యులపై చక్కగా పరీక్షించి చూచిరి. (ఆ సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో ఇప్పటి పేరును పొందినది.) 1980వ దశకమునుండి అచటి పరిశోధకులు మధుమేహరోగుల ఆహారములో మెంతిపొడిని కలిపి యిచ్చి, రక్తములోని చక్కెర తగ్గుటను గమనించిరి. మెంతిగింజలలోని జిగురువంటి పీచుపదార్థము నీటిని పీల్చి ఉబ్బి, చక్కెర రక్తములోనికి చేరు వేగమును తగ్గించును. రాత్రి నానబెట్టిన మెంతులను ఉదయమున చేతితో తాకినవారికి ఆ జిగురు తెలియును. కనుక ఇది కేవలము నమ్మకము కాదు. కాని ఆ పరీక్షలలో రోజునకు ఇచ్చినది 25 గ్రాములు మొదలు 100 గ్రాముల వరకు! పోపులో పడునవి పది పదునైదు గింజలు. వాని బరువు పావుగ్రాముండిన గొప్ప. "మా యింట ప్రతిదినము పోపులో మెంతులు వేయుదుము గనుక మధుమేహము దరిచేరదు" అనుకొనువారు కుండలో కప్పెడు నీరు పోసి చెరువు నిండినదనుకొనువారివంటివారు. వైద్యుడిచ్చిన మందు మాని మెంతులను నమ్ముకొనుట అంతకంటె ప్రమాదకరము.

మిరపకాయను గూర్చి తెలుగువారికి గర్వము మెండు. గుంటూరు మిరప విపణి ఆసియాలోనే పెద్దవానిలో ఒకటి. ఐనను మిరప ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమునందు పుట్టి, 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలమీద ఇచటికి వచ్చినది. అంతకు పూర్వము తెలుగు కూరలకు ఘాటునిచ్చినది మిరియమే. నాలుగైదు వందల యేండ్లలో పరదేశి యింటియజమాని యైనది. వంటయింటి సంప్రదాయము ఎన్నడును మారనిదనువారు ఈ ఒక్క కాయను తలచుకొన్న చాలును. పచ్చిమిరపలో సి-విటమిను మెండు. హంగరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్-జార్జి ఆ విటమినును అధికముగా రాబట్టినది మిరపజాతికే చెందిన కాయలనుండి. ఆయనకు 1937లో నోబెల్ బహుమానము లభించినది. అయితే కాయ ఎండునప్పుడు ఆ విటమినులో చాల భాగము నశించును. ఎండుకారము ఎంత తిన్నను పచ్చికాయ ఇచ్చునది ఇయ్యదు. ఇక పచ్చికాయనైనను ఎన్ని తినగలరు? ఒక జామపండు ఇచ్చు సి-విటమినును మిరపకాయలనుండి పొందదలచినవాడు భోజనము పూర్తిచేయలేడు.

మిరప నోటిని మండించుట కూడ వింతయే. కారము రుచి కాదు. వేడిని గుర్తించు నాడీకణములపై ఒక ద్వారమున్నది. వేడి 43 డిగ్రీలు దాటినప్పుడు అది తెరచుకొని "కాలుచున్నది" అని మెదడునకు వార్త పంపును. మిరపలోని కాప్సేసిన్ అను పదార్థము అదే ద్వారమును తెరచును. నాలుక కాలకుండగనే కాలినట్లు తోచును. ఈ ద్వారమును కనుగొన్న డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునకు 2021లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. కాప్సేసిన్ నీటిలో కరగదు గనుక మంచినీరు త్రాగిన మంట తగ్గదు. పాలుగాని పెరుగుగాని దానిని కడిగివేయును. గోంగూర పచ్చడి తరువాత పెరుగన్నము తినుట ఎంత తెలివైన యేర్పాటో ఇప్పుడు తెలియుచున్నది.

తక్కినవానిని గూర్చి క్లుప్తముగా చెప్పిన చాలును. లవంగనూనెలోని యూజినాల్‌ను దంతవైద్యులు నేటికిని వాడుచున్నారు. వాములోని థైమాల్ సూక్ష్మజీవులను చంపును. అల్లము వాంతిభావమును తగ్గించునని పరీక్షలు చూపినవి. ఇంగువ ఇరాను, ఆఫ్ఘనిస్థానముల మొక్కపాలు. 2020లో హిమాచలప్రదేశపు లాహౌల్ లోయలో దానిని నాటుట మొదలుపెట్టిరి. అంగడిలో దొరకు ఇంగువలో పిండి, బంక కలిసియుండుట సాధారణము. గోధుమ పడనివారు డబ్బామీది అక్షరములను చదువుట మేలు.

కరివేపాకునకు మాత్రము అన్యాయము జరుగుచున్నది. అవసరము తీరిన పిదప మనిషిని ప్రక్కకు త్రోయుటను "కరివేపాకులా తీసివేయుట" అని తెలుగువారందురు. సామెత నిజమే, ప్రతి విస్తరి అంచునను కరివేపాకు రెబ్బలు దిగులుగా పడియుండును. నూరు గ్రాముల కరివేపాకులో సున్నము 650 మిల్లీగ్రాములకు పైగా నున్నది. అంతే బరువు ఆవుపాలలో 120 మిల్లీగ్రాములు. అయితే ఇచటను లెక్క విడువరాదు. పోపులోని పది ఆకుల బరువు ఒక గ్రామునకు మించదు. వానిని ఏరకుండ తిన్నను వచ్చు సున్నము ఆరేడు మిల్లీగ్రాములే. కరివేపాకును వేయించి, చింతపండు, ధనియాలు, మినపపప్పు చేర్చి పొడికొట్టు వాడుక ఉన్నది గదా! ఆ పొడిలో ఆకు చిటికెలతో గాక పిడికిళ్లతో పడును. వేడియన్నములో రెండు చెంచాల పొడి కలుపుకొన్నవాడు పోపు ద్వారా పది పూటలలో తిను ఆకును ఒక్క పూటలో తినును. మెంతికూరయు అట్టిదే, గింజగా చిటికెడు, కూరగా కట్టెడు. పరిమాణము మారగానే అలంకారము ఆహారమగును.

ఇట్లు లెక్కలు కట్టి చూచినచో పోపులపెట్టె మందులపెట్టె కాదని తేలినట్లే. అయినచో అది దేహమునకు చేయు మేలు లేదా? ఉన్నది, అది చాల పెద్దది. ఆ మేలు గింజలలో కంటె గింజలు తాకిన పదార్థములో కనబడును. తోటకూర, పాలకూర, మునగాకు, కందిపప్పు, పెసరపప్పు, సొరకాయ, బీరకాయ: పోషకాహార శాస్త్రజ్ఞులు తినుడని చెప్పుచుండునవి ఇవియే, ఉడికించి పెట్టినచో పిల్లలు తిననివియు ఇవియే. పోపు లేని ఆకుకూర పప్పును ఏ పిల్లవాడు రెండవసారి అడుగును? అరచెంచా నూనె, పది ఆవాలు, రెండు మిరపకాయలు, వెల్లుల్లి రెబ్బలు పడగానే అదే పప్పునకై గిన్నె అడుగు గీకుదురు. పేదవాని విస్తరిలో మాంసము, నేయి, పండ్లు అరుదుగా నుండును; అతనికి మాంసకృత్తులను, ఇనుమును అందించు పప్పును, ఆకును రుచికరముగా చేయునది చవుకైన ఈ పెట్టెయే. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు 2010లో ప్రకటించిన ప్రయోగశాల పరిశోధనలో, ధాన్యములలోను పప్పులలోను ఉన్న ఇనుము జీర్ణమునకు ఎక్కువగా అందుబాటులోనికి వచ్చుటకు ఉల్లి, వెల్లుల్లి తోడ్పడునని తేలినది.

ఉప్పు విషయమునను ఇట్లే. ప్రపంచ ఆరోగ్యసంస్థ రోజునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునన్నది. భారతీయులు సగటున 8 గ్రాములు తినుచున్నారని 2023లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. అధికమైన ఉప్పు రక్తపుపోటును పెంచును. జీలకర్ర ఘాటు, నిమ్మరసపు పులుపు, మిరియపు వేడి ఉన్న చారులో కొంత ఉప్పు తగ్గించినను నాలుక ఫిర్యాదు చేయదు. ఏ ద్రవ్యమునకును లేని ఔషధగుణములను ఆరోపింపకుండగనే, ఇది ఒక్కటి చాలును పోపులపెట్టెను వంటయింట గౌరవస్థానమున నుంచుటకు.

ఈ గౌరవము చాలనివారు దానిని గుళికలుగా మార్చి అమ్ముచున్నారు. వంటలో హానిచేయని వస్తువు సారము తీసి గుళికగా మ్రింగినప్పుడును హానిచేయదనుకొనుట పొరపాటు. 2019లో ఇటలీదేశమున పసుపుసారపు గుళికలు వాడిన కొందరికి కాలేయము వాచినట్లు అచటి ఆరోగ్యశాఖ ప్రకటించినది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క మరిగించిన కషాయములను రోజునకు పలుమార్లు త్రాగి కడుపుమంట తెచ్చుకొన్నవారు కొందరు. వెచ్చని కషాయము గొంతునకు ఉపశమనమిచ్చును; అది వ్యాధిని ఆపు కవచము కాదు.

ఇంతవరకు పెట్టెలో ఉన్నది నిజమైన పసుపే, నిజమైన మిరియమే అనుకొని చేసిన విచారణ యిది. అట్లు కానిచో? మిరియాలలో బొప్పాయిగింజలు, కారములో ఇటుకపొడి, రంగులు కలుపుట అందరెరిగినదే. కల్తీని నిషేధించు చట్టము 1954లోనే వచ్చినది. 2006లో ఆహారభద్రతా చట్టమును చేసిరి. చట్టములున్నను కల్తీ పోలేదు. అన్నిటికంటె ఘోరమైనది పసుపులో కలుపు సీసపు క్రోమేటు. అది పెయింట్లలో వాడు పచ్చని రంగు. చిటికెడు వేసినచో పాలిపోయిన కొమ్ము నిగనిగలాడును. అందులోని సీసము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. అట్లు కలిగిన నష్టము తిరిగి పూడదు. జ్ఞాపకశక్తి పెరుగునని పసుపుపాలు త్రాగించు తల్లి, ఆ గ్లాసులోనే దానికి విరుద్ధమైనదానిని పోయుచుండవచ్చునన్న తలంపే భయంకరము. పోపులపెట్టెలోని గుణములను గూర్చి వర్ణించువారు వేయిమంది యున్నారు. ఈ దోషమును గూర్చి అడుగువారు పదిమంది లేరు.

బంగ్లాదేశములో అడిగిరి. పల్లెలలోని గర్భిణీస్త్రీల రక్తములో సీసమెందుకున్నదని వెదకుచు పోయిన పరిశోధకులకు దారి పసుపువద్ద తేలినది. ఆ సంగతిని 2019లో ప్రకటించిరి. ప్రభుత్వము వెంటనే విపణులలో హెచ్చరిక పత్రములను అంటించి, ఢాకాలోని పెద్ద టోకు విపణిపై దాడిచేసి, రంగుపసుపు అమ్ముచు దొరికిన వర్తకులకు జరిమానాలు విధించి, ఆ వార్తను దేశమంతటను చాటించినది. 2019లో పరీక్షించిన పసుపు నమూనాలలో 47 శాతమునందు సీసముండెను. 2021లో ఒక్కదానిలోను లేదు. పసుపు ఆడించు కార్మికుల రక్తములోను సీసము తగ్గినది. అచటి వర్తకులు అంతకాలము రంగు ఎందుకు వేసిరనగా, కొనువారు మెరుపున్న కొమ్మునే ఏరుకొనుచుండిరి. మట్టిరంగుతో ముడుతలు పడియున్న అసలైన కొమ్ము బుట్ట అడుగుననే మిగిలిపోవుచుండెడిది.